ఎత్తని సిలువ

పుంతా గార్సా,
జనవరి, ముగ్గురు రాజుల పండుగ మర్నాడు

చెల్లీ అంపారో,

ఫాదర్ అన్సెల్మో నీకు రాయకముందే నేనే రాస్తున్నాను. నేను రాత్రిళ్ళు బయటికి వెళ్తున్నాను.

నవ్వకు. సముద్రం ఒడ్డున ఉన్న వీధికే. మన చిన్నప్పుడు పడవలు బోర్లించి తారు పూసేవాళ్ళు చూడు, ఆ చోట ఇప్పుడు వరసగా బార్లు. పగలంతా బోర్డులేసుకుని అలల మీద ఆడినవాళ్ళు పొద్దుగూకాక తడి జుట్టుతోనే అక్కడికి చేరతారు. వాళ్ళు దిగే సత్రాల దుప్పట్లు ఉతికేది నేనే కనుక వాళ్ళ ఇసుక నాకు ఎప్పటినుంచో తెలుసు. ముఖాలు ఇప్పుడు తెలుస్తున్నాయి. పూజకు వేసుకునే నీలం గౌను వేసుకుని, సంచిలో జపమాల పెట్టుకుని వెళ్తాను. అనాస రసం తాగుతాను. ఇంతవరకూ ఇంకేమీ తాగలేదు.

అక్టోబరులో నా బిడ్డ ఎఫ్రెన్ పోయినప్పటినుంచి నీకు రాసినవన్నీ ఏడుపు ఉత్తరాలే. వాటిలో ఒక సంగతి రాయలేదు. తొమ్మిది రోజుల ప్రార్థన అయ్యాక నేను సిలువ ఎత్తనివ్వలేదు. ముందుగదిలో సున్నంతో, రంగు ఇసుకతో వేసిన సిలువ ఇప్పటికీ నేల మీదే ఉంది. తలవైపు దీపం మారుస్తూ ఉన్నాను. దాని పక్కనుంచి నడిచి వంటింట్లోకి వెళ్తాను. దాన్ని గుడ్డలోకి ఎత్తడానికి పక్కింటి చోలే ముందుకొచ్చింది. కన్నతల్లి ఎత్తకూడదు, వేరే ఇంటి మనిషి జ్ఞానతల్లిగా నిలబడి ఎత్తాలి కదా. అమ్మ సిలువ ఫ్లోరా ఎత్తితే నాన్న చచ్చేదాకా ఆమెను, చుట్టరికం కలిసిన మనిషిగా, కొమాద్రే అనే పిలిచాడు, సొంత చెల్లెలి కన్నా ఎక్కువగా చూశాడు. పాపం, చోలేను వట్టి చేతులతో పంపేశాను.

"ఎర్లిండా, సిలువ ఎత్తకపోతే బిడ్డ ఆత్మ గడప దాటదు. నువ్వే పట్టుకుని కూర్చున్నావు," అంటారు ఫాదర్.

నిజమే, పట్టుకునే కూర్చున్నాను. ఒక్క మాట తెలిసేదాకా వదలను. నీళ్ళలో అడుగు పెట్టేముందు వాడు సిలువ గుర్తు వేసుకున్నాడా?

వాడి నాలుగో ఏట నేనే నేర్పాను. వంగి నీళ్ళు తాకి, నుదురు, గుండె, రెండు భుజాలు. ఆ తర్వాత ఒక్కరోజు కూడా మానలేదు. పెద్దయ్యాక బయటిదేశాల గ్రింగోలకు అలలెక్కడం నేర్పేటప్పుడు వాళ్ళ చేత కూడా వేయించేవాడు. దేవుణ్ణి నమ్మనివాళ్ళు కూడా వేసేవాళ్ళు, అదీ వ్యాయామంలో భాగమే అనుకుని.

ఆ రాత్రి ఎర్ర పీత బారు మూసేశాక పున్నమి వెలుగులో అలలెక్కడానికి దిగాడని చెబుతారు. దిగాడు, రాలేదు, ఒళ్ళూ దొరకలేదు. ఎవరు చూశారంటే ఎవరూ చూడలేదు. పగలు అడిగితే తలలు దించుకుంటారు. రాత్రిళ్ళు నోళ్ళు కొంచెం వదులవుతాయి కదా అని వెళ్తున్నాను. వాడు తాగి, మొదటిసారి దేవుణ్ణి మరిచిపోయి దిగాడేమోనని నా భయం. నిద్ర పట్టనిది దానికే.

మొదటి రాత్రి ఎర్ర పీత వాకిట్లో నిలబడ్డ లావుపాటి కుర్రాడు నన్ను చూసి మర్యాదగానే, "డోన్యా, గుడి అటువైపు," అన్నాడు.

"అక్కణ్ణుంచే వస్తున్నా నాయనా."

"లోపలున్నదంతా పాపులే మరి."

"గుళ్ళోనూ వాళ్ళ పక్కనే కూర్చుంటాలే. జరుగు."

గ్లాసు తెచ్చిచ్చిన పిల్ల పేరు యెసెనియా. కొండల్లోని ఏదో ఊరి నుంచి పనికొచ్చింది. నేను ఎవరి తల్లినో చెప్పగానే గ్లాసు కింద పడేసింది. మళ్ళీ ఇంకోటి తెచ్చింది. మూసేవేళ నా శాలువా మడిచి పట్టుకుని ఇంటిదాకా తోడొచ్చింది. వద్దన్నా వినలేదు. దేవుడు పెట్టిన తోడు అనుకున్నాను.

నీ అక్క
ఎర్లిండా

తా.క. ఈ ఉత్తరం ముందు మీ మఠం మదర్ చదువుతారు కనుక: మదర్, క్షమించండి. అది ఒట్టి అనాస రసమే.


మఠం, పుయెబ్లా,
జనవరి, పునీత ఆగ్నేసమ్మ పండుగ

అక్కా,

మదర్ నీ ఉత్తరం నా చేతికిస్తూ, "అనాస రసం సంగతి నమ్మానని రాయండి సిస్టర్," అన్నారు. రాశాను.

ఇక నా మాట. వెళ్ళకు. యాభై ఏళ్ళ విధవరాలివి, తాగినవాళ్ళ మధ్య జపమాల పట్టుకుని కూర్చుంటే వాళ్ళకూ ఇబ్బంది, జపమాలకూ ఇబ్బంది. దేవుడు వాకిట్లో నిలబడి, సిలువ గుర్తు వేసుకొచ్చావా లేదా అని అడిగి తలుపు తీసేవాడు కాదు. ఆ పని ఎర్ర పీత దగ్గర లావుపాటి కుర్రాడిది. చోలేను పిలు. సిలువ ఎత్తించు. బిడ్డను వెళ్ళనివ్వు.

ఇంత గట్టిగా రాసేశాక కలం పక్కన పెట్టి కిటికీ వైపు చూశాను. అక్కడ వాడు ఇచ్చిన సీసా ఉంది. వాడికి పన్నెండేళ్ళప్పుడు నువ్వు వాణ్ణి ఇక్కడికి తీసుకొచ్చావు. ఇనుప జాలీలోంచి చెయ్యి దూర్చి, "పిన్నీ, నువ్వు బయటికి రాలేవంట కదా, సముద్రం తెచ్చా," అన్నాడు. నేను వాణ్ణి చూసింది ఆ ఒక్కసారే. నీళ్ళు ఎప్పుడో ఇగిరిపోయాయి, అడుగున ఉప్పు మిగిలింది.

అందుకని, వెళ్ళకు అన్న మాట అలాగే ఉంచుతూ, వెళ్తే మాత్రం చలిగాలి తగలకుండా చూసుకో అంటున్నాను.

నీ చెల్లెలు
అంపారో

తా.క. ఎర్ర పీత అంటే పాత చూచో పాక ఉన్న చోటేనా? నేల ఇంకా చెక్క పలకలేనా, సిమెంటు చేశారా?


పుంతా గార్సా,
ఫిబ్రవరి, కొవ్వొత్తుల పండుగ దాటాక

చెల్లీ,

చెక్క పలకలే. కొన్ని మార్చారు. నీకెందుకు?

నేను ఇప్పుడు వాళ్ళకు అలవాటైపోయాను. స్తంభం పక్కన చిన్న బల్ల నాదే. ఎవరైనా కొత్త గ్రింగో కూర్చోబోతే, "లేవయ్యా, అది డోన్యా పీఠం," అని లేపేస్తారు. సంగీతం గుండెల్లో రోకలి దంచినట్టు ఉంటుంది. ఆ చప్పుడుకు సరిగ్గా ఒక్కో దెబ్బకు ఒక్కో పూస జరుగుతుందని కనిపెట్టాను. మదర్ కు చెప్పకు. ఓ, ఆమె చదువుతారు కదా.

అందరినీ అడిగాను. ఎఫ్రెన్ తో కలిసి పనిచేసిన తోన్యో, "వేసుకున్నాడు డోన్యా, నా కళ్ళతో చూశా," అన్నాడు. మరో రాత్రి అతనే, తాను ఆ సమయంలో రాళ్ళ వెనకున్నానన్నాడు. ఇంకొకడు, "కుడిచేత్తో బోర్డు పట్టుకుని ఎడంచేత్తో వేసుకున్నాడు," అన్నాడు. ఎడంచేత్తో వేసి ఉంటే నా చేతి దెబ్బ వాడికి సముద్రంలో కూడా గుర్తొచ్చి ఉండేది. బారు యజమాని రిగో తాను ఆ రాత్రి ఊళ్ళోనే లేనన్నాడు. వెనకనుంచి వాళ్ళావిడ, "లేకేం, కౌంటరు కింద నిద్రపోతున్నావు," అంది. అబద్ధాలే అంపారో, అన్నీ. కానీ ఒక్కటి కూడా చెడ్డ అబద్ధం కాదు. నాకు తగలకుండా పక్కకు విసురుతున్నారు.

పోయిన శనివారం నాచేత పాడించారు. మైకు పట్టుకుని ఎవరికి నచ్చింది వాళ్ళు పాడే రాత్రి అది. నాకు వచ్చినవి మరియమ్మ పాటలే కదా. ఒకటి ఎత్తుకున్నాను. నా గొంతు నీకు తెలుసు, పక్క బల్లకు కూడా వినపడదు. వాళ్ళు ఒకరినొకరు కసురుకుని చప్పుడు ఆపేశారు. చేతుల నిండా పచ్చబొట్లున్న ఒక తెల్లవాడు, ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఏడ్చాడు. తోన్యో లేచి బయటికి వెళ్ళిపోయాడు. యెసెనియా ఖాళీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని పాట అయ్యేదాకా కదలలేదు.

ఆ పిల్ల రోజూ తోడొస్తుంది. ఇసుక మీదుగా వస్తే మా ఇల్లు దగ్గర. అయినా రోడ్డు వెంటే నడిపిస్తుంది. "చెప్పుల్లో ఇసుక పడుద్ది డోన్యా," అంటుంది. సముద్రం పక్కన బతుకుతూ ఇసుకంటే విసుగు చూడు! ఒక రాత్రి కాఫీ తాగి వెళ్ళమన్నాను. గడప దగ్గర సిలువను చూసి అక్కడే కూలబడింది.

"ఇది ఎప్పుడెత్తుతారు?"

"ఎవరైనా నిజం చెప్పినప్పుడు," అన్నాను.

కాఫీ తాగకుండానే వెళ్ళిపోయింది.

వాడి చెప్పు ఒకటి వాడు పోయినప్పుడే తోన్యో తెచ్చిచ్చాడు, బారు మెట్ల దగ్గర దొరికిందని. రెండోది మొన్న వలలు లాగేవాళ్ళు తెచ్చారు. చాలా దూరంగా, ఇసుకలో సగం కూరుకుపోయి ఉందట. పట్టీ తెగింది. కడిగి, రెండూ సిలువ పాదాల దగ్గర పెట్టాను.

నీ అక్క


మఠం, పుయెబ్లా,
విభూతి బుధవారానికి ముందు

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మదర్ రెండుసార్లు చదివారట. విరామ సమయంలో అందరి ముందూ, "ఆ పచ్చబొట్ల అబ్బాయి మళ్ళీ వచ్చాడేమో," అన్నారు, ఎవరితోనూ కాదన్నట్టు. ఇక దాచి ఏం లాభం, సిస్టర్లందరికీ నీ రాత్రులు తెలిసిపోయాయి. తొంభై ఏళ్ళ సిస్టర్ రెఫూహియో నీ పీఠం కోసం ప్రార్థిస్తోంది.

పలకలు ఎందుకు అడిగానంటే, వాటి మీద ఆడినదాన్ని నేను. పందొమ్మిదేళ్ళప్పుడు చెప్పులు విప్పి చూచో పాకలో పాటలకు చిందులేస్తుంటే నువ్వు బయట పడవ మీద కూర్చుని జపమాల చెబుతూ కాపలా ఉండేదానివి. నాన్న వస్తే దగ్గాలని ఒప్పందం. ఒక రాత్రి నీకు నిజంగానే దగ్గొచ్చింది, నేను కిటికీలోంచి దూకాను. మోకాలి మీద ఆ మచ్చ ఇంకా ఉంది. నీకు ఎప్పుడూ చెప్పలేదు కానీ, దేవుడు నన్ను పిలిచింది గుళ్ళో కాదు, ఆ పలకల మీదే. చెమటతో, ఊపిరి అందక, ఇంత సంతోషం ఎవరిది అనుకున్న క్షణంలో. అందుకని ఆ చోటును తక్కువగా అనుకోలేను.

ఇప్పుడు చెప్పుల సంగతి. నీళ్ళలోకి దిగేవాళ్ళు చెప్పులు ఎలా విడుస్తారో మనం చూస్తూ పెరిగాం. జతగా, కెరటం అందని చోట, బోర్లించి. నాన్న అలాగే విడిచేవాడు. ఎఫ్రెన్ కూడా మన నాన్న చేతుల్లోనే పెరిగాడు. ఒకటి మెట్ల దగ్గర, ఒకటి పట్టీ తెగి దూరంగా ఉంటే అది విడవడం కాదక్కా, ఊడిపోవడం. వాడు పరిగెత్తాడు. సరదాకి అలలెక్కేవాడు అలా పరిగెత్తడు.

ఇంకో మాట రాయాలా వద్దా అని నిన్నంతా తిరిగాను. ఇసుక మీద అడుగు పెట్టని పిల్లను అడుగు. మెల్లగా అడుగు. నీకు మెల్లగా తప్ప మాట్లాడటం రాదు కానీ, ఈసారి లోపల కూడా మెల్లగా ఉండి అడుగు.

బుధవారం నుంచి తపస్సు కాలం. ఈస్టర్ దాకా మేము ఉత్తరాలు రాయం, చదవం. వచ్చినవి మదర్ తెరిచి చూసి పెట్టెలో పెడతారు. నీకు నేను కావలసిన వేళే నా నోరు మూతపడుతోంది.

అంపారో


పుంతా గార్సా,
విభూతి బుధవారం

అంపారో,

నీకు అందదని తెలిసే రాస్తున్నాను.

నిన్న రాత్రి అడిగాను. కార్నివాల్ ఆఖరి రాత్రి, వీధంతా బాకాలు, రంగు పొడి. రోడ్డు మలుపు దగ్గర ఆగి, "ఈ రోజు ఇసుక మీదుగా వెళ్దాం," అన్నాను.

"వద్దు డోన్యా."

"ఏమ్మా?"

"నాకు ఈత రాదు."

"ఇసుక మీద నడవడానికి ఈతెందుకే?"

అప్పుడు నా శాలువా ముఖానికి అడ్డం పెట్టుకుంది. శాలువాలోంచే చెప్పింది. ఆమె చెప్పినట్టే రాస్తాను.

"బారు మూశాక మేమంతా తాగాం. నేనూ తాగా. ఇద్దరు గ్రింగో పిల్లలు నీళ్ళల్లో ఆడుతూ రా రా అని పిలిచారు. మోకాళ్ళదాకే డోన్యా. మోకాళ్ళదాకే అనుకున్నా. కాళ్ళకింద నేల ఎవరో లాగేసినట్టయింది. అరిచా. మెట్ల మీద ఎఫ్రెన్ సీసాలు ఏరుతున్నాడు. వచ్చాడు. ఎట్టా వచ్చాడో తెలీదు. జుట్టు పట్టుకున్నాడు. నేను వాడి మెడ పట్టుకుంటుంటే తిట్టాడు. 'నన్ను పట్టుకోకు, కాళ్ళు కొట్టవే గాడిదా, కాళ్ళు కొట్టు,' అని తిట్టాడు. వీపు మీద ఒక్క తోపు తోశాడు. కెరటం నన్ను తెచ్చి ఒడ్డున పడేసింది. వెనకే నవ్వుతూ వస్తున్నాడనుకున్నా. లేడు."

అప్పుడు కూడా నేను అదే అడిగాను చూడు. "సిలువ గుర్తు వేసుకున్నాడా?"

"లేదు డోన్యా. ఆగలేదు. ఎక్కడా ఆగలేదు."

ఆమె మీద కేసు పెడతారని భయపడి తోన్యో వాళ్ళంతా కలిసి పున్నమి అలల కథ అల్లారట. "మీరు మొదటి రాత్రి వచ్చినప్పుడే చెబుదామనుకున్నా. మీరు రసం తాగి, దేవుడు నిన్ను చల్లగా చూడాలమ్మా అన్నారు. ఇంక నోరు రాలేదు," అంది.

ఆమె చేతిలోంచి శాలువా తీసుకున్నాను. ఇసుక మీదుగా ఒక్కదాన్నే ఇంటికొచ్చాను.

పొద్దున్నే గుళ్ళో ఫాదర్ నా నుదుట విభూతి పెడుతూ, "మన్నువి, మన్నులోనే కలుస్తావు," అన్నారు. "నా కొడుక్కి మన్ను కూడా దక్కలేదు!" అన్నాను. గుడంతా తిరిగి చూసింది. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

ఎర్లిండా


పుంతా గార్సా,
తపస్సు కాలం మధ్యలో

అంపారో,

ఇది కూడా పెట్టెలోకే పోతుంది. పోనీ.

నేను రాత్రిళ్ళు వెళ్ళడం మానేశాను. మోకాళ్ళదాకా. దుప్పట్లు బండకేసి కొడుతుంటే ప్రతి దెబ్బకూ ఆ మాటే. నా కొడుకు ఒకరి మోకాళ్ళదాకాకి పోయాడు. శత్రువుల కోసం ప్రార్థించమని మనకు నేర్పారు. ఈమె శత్రువైతే ప్రార్థించేదాన్ని. నా శాలువా మోసిన పిల్ల. ఈమెను ఏం చెయ్యాలో ఏ ప్రార్థనలోనూ దొరకడం లేదు.

బారు మూశాక రోజూ వచ్చి ఎదుటి గోడ దగ్గర నిలబడుతుంది. నా దీపం ఆరేదాకా ఉండి వెళ్తుంది. తలుపు తీయను, కిటికీ సందులోంచి చూస్తాను. మొన్న కావాలనే దీపం ఆర్పలేదు. తెల్లారేదాకా నిలబడింది.

నిన్న తోన్యో వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"డోన్యా, ఆ పిల్ల ఈస్టర్ కి ఊరెళ్ళిపోతానంటోంది. మళ్ళీ రానంటోంది. పిలవండి, లేకపోతే పొమ్మనండి, ఏదో ఒకటి. అట్లా వీధిలో నిలబెట్టకండి. ఎఫ్రెన్ ఉంటే మిమ్మల్ని తిట్టేవాడు."

"నా కొడుకు నన్నెప్పుడూ తిట్టలేదు."

"మమ్మల్ని రోజూ తిట్టేవాడు. తనవాళ్ళనుకుంటే తిట్టకుండా ఉండలేడు కదా వాడు."

తలుపు వేసేశాను. రాత్రి జపమాల మధ్యలో పూస పట్టుకుని ఆగిపోయాను. 'కాళ్ళు కొట్టవే గాడిదా.' అది నాన్న మాట కదా అంపారో. నడుముకు తాడు కట్టి మనిద్దరినీ నీళ్ళలో దింపి నాన్న అరిచిన మాట. ఎఫ్రెన్ కు ఈత నేర్పేటప్పుడు నా నోటి నుంచి కూడా అదే వచ్చింది, గట్టిగా అనడం చేతకాక వాడి చెవి దగ్గర మెల్లగా అనేదాన్ని. వాడి ఆఖరి మాట మన ఇంటి మాట. ఆ పిల్లకిచ్చి వెళ్ళాడు.

ఇంక రాయలేను.

ఎర్లిండా


మఠం, పుయెబ్లా,
ఈస్టర్ సోమవారం

అక్కా,

నిన్న పూజ తర్వాత మదర్ పెట్టె తెరిచి నీ రెండు ఉత్తరాలూ నా ఒళ్ళో పెట్టారు. నా తల మీద చెయ్యి వేసి వెళ్ళారు.

నాకు ముందే సగం తెలుసు. విభూతి బుధవారం దాటిన వారంలో ఒక రాత్రి ప్రార్థనలో మదర్ తనంతట తాను ఒక మాట కలిపారు: "రాత్రివేళ నీళ్ళలోకి దిగేవారి కోసం, వారి వెనక దిగేవారి కోసం." ఆ తర్వాత రోజూ అదే మాట. నియమం ప్రకారం నాకు చెప్పలేరు, చెప్పకుండా ఉండలేకపోయారు. ఇన్ని రోజులుగా ఆ మాట దగ్గర ఆమెన్ అంటూ, ఏం జరిగిందో తెలియకుండానే ఏడ్చాను. నీ పక్కన కూర్చోవడానికి లేకపోయింది. ఈ గోడను నేను కోరి తెచ్చుకున్నాను, ఒక్కరోజూ బాధపడలేదు. ఈ తపస్సు కాలంలో బాధపడ్డాను.

"ఎక్కడా ఆగలేదు" అన్న చోట మోకాళ్ళ మీద పడిపోయాను. దాని గురించి ఇంకేమీ చెప్పలేనక్కా. చెప్పడానికి పనికొచ్చేది ఇన్నేళ్ళలో నేనేమీ నేర్చుకోలేదు.

సీసా అడుగున ఉన్న ఉప్పులో పవిత్రజలం కొంచెం పోశాను. వేలు ముంచి నుదుట పెట్టుకున్నాను, వాడి బదులు.

ఆ పిల్ల ఉందా, వెళ్ళిపోయిందా? మిగతావన్నీ తర్వాత. అది మాత్రం వెంటనే రాయి.

అంపారో


పుంతా గార్సా,
ఈస్టర్ వారం

చెల్లీ,

నీ ఉత్తరం ఈరోజు వచ్చింది. అప్పటికే జరిగిపోయింది.

పవిత్ర శనివారం రాత్రి గుళ్ళో కొత్త నిప్పు వెలిగించాక నా కొవ్వొత్తి చేత్తో కాపాడుకుంటూ ఇంటికొచ్చాను. ఎదుటి గోడ దగ్గర నిలబడి ఉంది. కాళ్ళ దగ్గర మూట. తెల్లవారుజామున బస్సట.

నేను వీధి దాటలేదు, ఆమె కూడా దాటలేదు. కొవ్వొత్తి మైనం చేతి మీద పడి కాలింది. అప్పుడు, "లోపలికి రా," అన్నాను.

"రాను డోన్యా. లోపల సిలువుంది."

"అందుకే రమ్మంటున్నా. ఎత్తడానికి మనిషి కావాలి."

అర్థం కాలేదు. అర్థమయ్యాక వెనక్కి జరిగి గోడకు అంటుకుపోయింది. "నేనా? నేనెట్టా ఎత్తుతా? కొట్టండి డోన్యా. ఎత్తమనకండి, కొట్టండి."

"అది తర్వాత చూద్దాం. ముందు చేతులు కడుక్కో."

ఊడ్చి ఎత్తడానికి మట్టల ఆదివారం నాటి మట్ట ఇచ్చాను. తల వైపునుంచి మొదలుపెట్టమన్నాను. తర్వాత కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, పాదాలు. ప్రార్థనలు నేను చెబుతుంటే ఆమె మోకాళ్ళ మీద జరుగుతూ తెల్లగుడ్డలోకి ఎత్తింది. ఒక్క రవ్వ వదల్లేదు. పాదాల దగ్గరికొచ్చేసరికి ప్రార్థన నా నోట్లో ఆగిపోయింది. కొడుకుని ఇంట్లోంచి పంపేస్తున్నాను కదా. "వద్దు, ఆపు," అన్నాను కూడా. ఆపింది. నేను ఏడ్చేసి, మళ్ళీ చెప్పేదాకా మట్ట గాల్లోనే పట్టుకుని కూర్చుంది.

సమాధి లేదు కనుక సముద్రానికే తీసుకెళ్ళాం. మళ్ళీ పున్నమి దగ్గర్లోనే ఉన్నాం. ఎర్ర పీతలో దీపాలు, సంగీతం, పండుగ జనం. లావుపాటి కుర్రాడు మమ్మల్ని చూసి లోపలికి ఏదో చెప్పాడు. సంగీతం ఆగిపోయింది. మెట్ల మీదికి ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు, తోన్యో, రిగో, వాళ్ళావిడ. ఎవరూ దిగి రాలేదు.

ఇసుక మొదలయ్యే చోట యెసెనియా ఆగింది. చెయ్యి పట్టుకున్నాను. వాడి చెప్పులు జతగా, కెరటం అందని చోట, బోర్లించి పెట్టాను. అంచుదాకా నడిచాం.

"మోకాళ్ళదాకా కూడా వద్దు. పాదాలు తడిస్తే చాలు," అన్నాను.

నీళ్ళు రెండు అడుగుల దూరంలో ఉండగా గుడ్డమూట గుండెకు పట్టుకుని నా వైపు చూసింది. రెండు చేతులూ నిండి ఉన్నాయి, గుర్తు వేసుకోవడానికి చెయ్యి లేదు. నేనే వంగి నీళ్ళు తాకి, ఆమె నుదుట, గుండె మీద, భుజాల మీద వేశాను. వాడికి నాలుగేళ్ళప్పుడు వేసినట్టే.

"ఇంకెప్పుడూ అట్లా దిగకు, కొమాద్రే," అన్నాను.

ఆ మాటకు ఆమె పెట్టిన కేక మెట్ల మీది వాళ్ళకు కూడా వినపడింది.

గుడ్డ విప్పింది. సున్నం కాసేపు నీళ్ళ మీద తెల్లగా నిలిచింది. తర్వాత లేదు.

బస్సు ఆమె లేకుండానే వెళ్ళిపోయింది. పెద్ద అలలు తగ్గాక రాళ్ళ మధ్య మడుగులో ఈత నేర్పుతాను. నాన్న తాడు ఇంకా అటక మీద ఉంది. తిట్టు కూడా ఉంది.

నువ్వు అడిగినదానికి జవాబు ఇదే. ఇంకేం రాయను? ముందుగది ఖాళీగా ఉంది. ఎన్నిసార్లు కడిగినా నేల మీద సున్నం మరక పోలేదు. వంటింట్లోకి వెళ్ళేటప్పుడు ఇప్పటికీ పక్కనుంచే నడుస్తున్నాను. ఈ పూట కాఫీ తెస్తూ చూశాను, యెసెనియా కూడా అలాగే నడుస్తోంది.

నీ అక్క
ఎర్లిండా